పదిహేడో పేజీ

ఛత్రినాక, హైదరాబాదు
జూన్ 19

మహారాజశ్రీ మేనత్త సుందరమ్మ గారి సముఖమునకు,

మొట్టమొదట క్షమాపణలు. ఈ ఉత్తరం చదివాక మీ కళ్లద్దాల నంబరు పెరిగితే నన్ను క్షమించండి. మెదక్‌లో వానలు ఆలస్యమైనందుకు క్షమించండి. మొన్న ఈస్టరు విందులో బిర్యానీ అడుగంటినందుకు, ఆ నేరాన్ని ఇంతవరకూ మన కుటుంబంలో ఎవరూ ఒప్పుకోనందుకు క్షమించండి. మానవజాతి చేసిన, చేయబోయే తప్పులన్నిటికీ ఈ డానియేలు, ఎం.ఎస్.డబ్ల్యూ., తల వంచి బాధ్యత వహిస్తున్నాడు. నేను స్వయంగా చేసిన తప్పు మాత్రం ఒక్కటీ లేదు. వెతికాను. దొరకలేదు.

ఉద్యోగంలో చేరేటప్పుడు మీరు పెట్టిన షరతు మరిచిపోలేదు. "ఫోన్ల నువ్వు నవ్వించి తప్పించుకుంటవ్ బిడ్డా. కాయితం మీద రాయి. ముప్పై నాలుగేండ్లు నర్సుగ చేసిన, నేను రాసిందే నమ్ముత" అన్నారు. అందుకని ఇదిగో, సత్యాన్ని తపాలా బిళ్ల అతికించి పంపుతున్నాను.

మా ఆసుపత్రి ఛత్రినాక వెనక గల్లీలో ఉంది. మనసు బాగాలేనివాళ్లకు ముప్పై మంచాలు. ఒక పక్క పిండి గిర్నీ, ఇంకో పక్క పూల దుకాణం. లోపల నాలుగు రాజ్యాలున్నాయి. డాక్టర్ వెంకటనారాయణ గారి రాజ్యంలో నీలం ఫైలు. అందులో మందులు ఇంగ్లీషులో ఉంటాయి, అక్షరాలు ఏ భాషలో ఉంటాయో ఆయనకే తెలియాలి. సైకాలజిస్టు పూజిత మేడం రాజ్యంలో తాళం వేసిన బీరువా. రోగులు ఆమెతో చెప్పుకున్న మాటలన్నీ అందులో నిద్రపోతాయి. సిస్టర్ లలితమ్మ గారి రాజ్యంలో రెండు కిలోల రిజిస్టరు. ఎవరు తిన్నారు, ఎవరు మింగారు, ఎవరు మింగినట్టు నటించి కిటికీలోంచి ఉమ్మారు, అంతా అందులోనే. నాలుగోది నా రాజ్యం. రోగుల ఇళ్లకు వెళ్లి వాళ్ల మంచిచెడ్డలు కనుక్కునే సోషల్ వర్కరును గనక, అట్ట మీద జిరాఫీ బొమ్మ ఉన్న నోటుబుక్కు కొనుక్కున్నాను.

ఒక రాజ్యం పుస్తకాన్ని ఇంకో రాజ్యం చదవదు. చదవొద్దని ఎవరూ అనలేదు. చదవమనీ అనలేదు. నాలుగు గదుల్లోకీ అనుమతి లేకుండా వెళ్లేది చాయ్ కెటిల్ ఒక్కటే.

సోమవారం ఒక పెద్దమనిషి చేరాడు. బేగంబజార్‌లో స్టీలు గిన్నెల హోల్‌సేల్ దుకాణం. అరవై రెండేళ్లు. రెండు నెలల క్రితం తమ్ముడి కొడుకు అనురాగ్, "పెదనాయనా, ఇగ నువ్వు ఆరాం జేయ్" అని గద్దె మీద తాను కూర్చున్నాడు. ఆ ఆరాం ఈయనకు పడలేదు. మాట్లాడటం మానేశాడు, గోడ చూస్తూ కూర్చున్నాడు. గట్టి డిప్రెషన్ అన్నారు డాక్టరు గారు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. దుకాణం మీదే ఇల్లు. భర్తకు వచ్చిన జబ్బు గురించి అడిగితే ఆ ఇల్లాలు తన ఉప్మాకు పట్టిన గతి చెప్పుకుంది.

"పెండ్లయి ముప్పై ఒక్కేండ్లు సారూ. బోణీ కానిది నోట్ల మెతుకు పెట్టడు. ఏడు గంటలకు నేను ఉప్మా జేస్త. మొదటి గిరాకీ వచ్చి గిన్నో గిలాసో కొనేసరికి పదకొండయితది. అప్పుడు టిఫిన్ తెరుస్తడు. ఉప్మా డబ్బా ఆకారంలనే నిలవడ్తది. దాంతోని గోడ కట్టొచ్చు. ఒక్కనాడన్న నా ఉప్మాకు పేరొచ్చిందా?"

ఈ మొత్తాన్ని నా నోటుబుక్కు పదిహేడో పేజీలో, 'ఉప్మా విషాదం' అనే శీర్షిక కింద, తేదీతో సహా ఎక్కించాను. హాస్యానికి బహుమతి ఉంటే అది ఆ పేజీకే.

ఇట్లు,
నిర్దోషి
డానియేలు


మెదక్
జూన్ 25

చిరంజీవి డానికి అత్త దీవించి రాయునది.

నీ జాబు అందింది. నవ్విన. నవ్వినంక మళ్ల చదివిన.

రోగి సంగతి బయటివాళ్లకు రాసుడు తప్పు. నేను నర్సునే అయినా ఇప్పుడు బయటిదాన్నే. దుకాణం, వయసు, ఇల్లు అన్నీ రాసినవ్, పేరొక్కటే మిగిలింది. ఇగ మీదట మార్చి రాయి.

నాలుగు రాజ్యాలన్నవ్. ఆయమ్మ యాడ వాయె? పొద్దుగాల్ల పక్కబట్టలు మార్చేది, తల దువ్వేది, బాత్రూం తలుపు బయట నిలవడేది ఎవరు? ఆమె పేరు గూడ రాయలే. నా సర్వీసుల ఏ రోగి ఎట్లున్నడో నాకు ముందు చెప్పింది ఆయమ్మలే. వాళ్లకు రాయ రాదు, గంతే.

ఇంకో మాట. నీ జిరాఫీ పుస్తకం ఎవరు చదువుతరు? లలితమ్మ నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. రిజిస్టరు దాచదు, అడిగితె చూపిస్తది. అడిగినవా?

చిక్కుడు పాదుకు పూత వచ్చింది. ఆరోగ్యం మంచిగున్నది.

బిర్యానీ అడుగంటింది నా వల్లనే. మంట తగ్గించుడు మర్చిపోయిన. ఎవరికి చెప్పకు.

నీ అత్త
సుందరమ్మ


ఛత్రినాక
జూలై 12

న్యాయమూర్తి అత్తమ్మ గారికి,

బిర్యానీ విషయంలో మీ నేరాంగీకారాన్ని భద్రపరిచాను. అవసరాన్ని బట్టి క్రిస్మసుకు వాడతాను.

రోగి వివరాలు మార్చి రాయమన్నారు. ఇకనుంచి ఆయన పేరు గుండయ్య సేఠ్. దుకాణం, వయసు కూడా మార్చినట్టే భావించగలరు. ఆయమ్మ పేరు మున్నీ. మాదన్నపేట నుంచి ఆరున్నరకల్లా వస్తుంది. మార్కెట్లో కొన్న ఆకుకూర వాసన ఆమెకంటే ముందు వస్తుంది. లలితమ్మ గారి రిజిస్టరు అడుగుదామనే అనుకున్నాను. ఆమె చేతిలో సూది ఉన్నప్పుడల్లా ఆ ఆలోచన వాయిదా పడింది.

ఇప్పుడు సంగతి కొంచెం బరువైంది. సోమవారం నాలుగు రాజ్యాల మహాసభ జరిగింది. యథాతథంగా రాస్తున్నాను.

డాక్టరు గారు నీలం ఫైలు తెరిచి, "గుండయ్యకు మూడు వారాలాయె. మందు పని చేస్తలేదు. డోసు పెంచుదాం" అన్నారు.

"పొద్దున గోలీ వేస్కుంటనే లేడు సార్" అంది సిస్టర్.

"ఎప్పటి సంది?"

"చేరినకాడి నుంచి. రోజూ రిజిస్టర్ల రాస్తున్న."

"నాకు చెప్పాలె గద!"

"మీరు రిజిస్టరు ఎన్నడు అడగలే సార్. మీరు తిన్నంక ఇయ్యమని రాసిండ్రు. ఆయన మధ్యాహ్నం తింటడు, రాత్రి తింటడు. పొద్దున మాత్రం పళ్లెం దిక్కు చూడడు."

"మరి మధ్యాహ్నం ఇయ్యకపోయిండ్రా?"

"ఫైల్ల 'ఉదయం' అని ఉన్నది. మార్చనీకె నేనెవర్ని సార్?"

డాక్టరు గారు పెన్ను తీసి ఫైల్లో 'ఉదయం' కొట్టేశారు. గోలీ మధ్యాహ్నానికి మారింది. అక్కడితో ఆగితే బాగుండేది. పొద్దున కూడా ఎట్లాగైనా తినిపించాలని బుధవారం ఇద్దరు వార్డు బాయ్‌లు ఆయన ముందు ఉప్మా పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. ఒకతను చెంచా నోటిదాకా తెచ్చాడు. పళ్లెం ఎగిరి కిటికీకి తగిలింది. ఆ రోజు నుంచి ఆయన మధ్యాహ్నం కూడా నోరు తెరవడం లేదు. రాత్రి రెండు రొట్టెలు, అంతే. నాలుగు కిలోలు తగ్గాడు.

ఇక సిద్ధాంతాలు వినండి. అన్నంలో ఏదో కలిపారని ఆయనకు అనుమానమేమో అని డాక్టరు గారు. తనను తాను శిక్షించుకుంటున్నాడని పూజిత మేడం. మొండి మనిషి అని సిస్టర్. నేను మాత్రం నిష్పక్షపాతంగా మూడింటికీ తలూపాను. అప్పుడు బకెట్టు పట్టుకుని మున్నీ గుమ్మంలోంచి అంది: "ఆయన పొద్దుగాల్ల తానం జేసి, అంగీ గుండీలు పెట్టుకొని, తలుపు దిక్కు మొఖం జేసి కూసుంటడు. ఎవరన్న వస్తరేమో అన్నట్టు."

"ఉండవే మున్నీ, డాక్టర్ సాబ్ మాట్లాడుతున్నడు" అంది సిస్టర్.

నిన్న నిర్ణయం జరిగిపోయింది. మా దగ్గర గొట్టంతో తిండి పెట్టే ఏర్పాటు లేదు. పెద్దాసుపత్రిలో మంచం దొరికింది. 21వ తేదీ బోనాల సెలవు గనక 22న, మంగళవారం, పంపించేస్తారు. అనురాగ్ వచ్చి సంతకం పెట్టాడు. "ఆడ్నే కొన్ని నెలలు ఉంచుకున్నా మాకేం ఫికర్ లేదు సార్" అన్నాడు. ఇంట్లో ఆయన మంచం విప్పేశారట. ఆ గదిలో ఇప్పుడు ప్రెషర్ కుక్కర్ల డబ్బాలు. ఆ ఇల్లాలు కొంగు నలుపుతూ నిలబడింది. మనిషి ఒకసారి ఆ గల్లీ దాటి వెళ్తే మళ్లీ తెచ్చుకునే తొందర ఆ ఇంట్లో ఎవరికీ కనబడలేదు, అత్తమ్మా. నాకు ఒక్క జోకు కూడా తోచలేదు. నమ్మండి, ప్రయత్నించాను.

ఇట్లు,
సిద్ధాంతాలకు తలూపేవాడు
డానియేలు


మెదక్
జూలై 15

డానీ,

జూన్ పంతొమ్మిదో తారీఖు నువ్వు రాసిన జాబు నా బైబిల్ల ఉన్నది. ఆఖరు కాయితం తీసి ఈ కవర్ల పెట్టిన. చదువు. ఇప్పుడే చదువు. నిలవడి చదువు.

నీ పదిహేడో పేజీ ఎవరికన్న చూపించినవా?

సుందరమ్మ


ఛత్రినాక
జూలై 24

దివ్యదృష్టి గల అత్తమ్మ గారికి జయం, జయం, జయం!

గుండయ్య సేఠ్ పెద్దాసుపత్రికి పోలేదు. ఇక్కడే ఉన్నాడు. ఉప్మా తింటున్నాడు. గోలీ మింగుతున్నాడు. వరసగా రాస్తాను, మీరు కుర్చీలో కూర్చోండి.

మీ కవరు గురువారం అందింది. చదివి గిర్నీ ముందు నిలబడిపోయాను. నెత్తి మీద పిండి పడుతున్నా తెలియలేదు. బోణీ! ఆ మనిషికి బోణీ కాలేదు! పొద్దున్నే స్నానం చేసి గుండీలు పెట్టుకుని తలుపు వైపు తిరిగి కూర్చునేది గిరాకీ కోసం. గిరాకీ రాడు, బోణీ కాదు, బోణీ వేళ దాటేదాకా నోట్లో మెతుకు పెట్టడు. మేం ఆ నోటి దగ్గరికి చెంచా తీసుకెళ్లాం.

శుక్రవారం పొద్దున ఏడున్నరకు ఆయన మంచం పక్క బల్ల మీద వార్డు స్టీలు గిలాసలు ఆరు తెచ్చి వరసగా పెట్టాను. పక్కకు తప్పుకున్నాను. డాక్టరు గారు, పూజిత మేడం, సిస్టర్ తలుపు చాటున. మున్నీని పంపాం. ఏం మాట్లాడాలో రాసిస్తానన్నాను. "నాకు సదువు రాదు, బేరం వస్తది" అని నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది.

"సేఠ్, గీ గిలాస ఎంత?"

ఆయన చూడలేదు.

"ఏంది, దుకాణం తెరిచినవా, బంద్ బెట్టినవా? పోయి పక్క దుకాణంల కొంట మల్ల!"

తల తిరిగింది. ఆమెను చూశాడు. గిలాసలు చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకుని అడుగున గోరుతో తట్టాడు. టింగుమంది. నెల రోజుల తర్వాత ఆ మనిషి నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో ఊహించగలరా?

"హల్కా మాల్." పలచటి సరుకని తేల్చేశాడు.

"హల్కా అయితే దాం గూడ హల్కా చెప్పు" అంది మున్నీ.

"బోణీ హై. నువ్వే చెప్పు."

కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండు కళ్లకూ అద్దుకున్నాడు. అంగీ జేబులో వేసుకుని, జేబు మీద ఒకసారి చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, "టిఫిన్ ఏంది?" అన్నాడు.

ఉప్మా. మొత్తం తిన్నాడు. "మా ఇంటిదాని లెక్క గట్టిగ లేదు" అన్నాడు. అది మెప్పో ఫిర్యాదో తేల్చడానికి పూజిత మేడం ఒక గంట కూర్చోవాలట. ఆమె కళ్లు తుడుచుకుంటూ గిర్నీ పిండి పడిందంది. ఆ రోజు గిర్నీ బందు. సిస్టర్ రిజిస్టరులో ఎనిమిది ఇరవైకి అని నిమిషంతో సహా రాసింది. "మందు పని చెయ్యాలంటె ముందు కడుపులకు పోవాలె గద" అన్నారు డాక్టరు గారు, ఎవరితోనూ కాదు.

ఇప్పుడు రోజూ బోణీ జరుగుతోంది. శనివారం మున్నీ, ఆదివారం సిస్టర్. సోమవారం గల్లీలో డప్పులు మోగుతుండగా స్వయంగా డాక్టరు గారు. ఆయనకు బేరం రాదు, మొదటి మాటకే ఒప్పుకున్నారు. సేఠ్ ఆయన్ని జాలిగా చూశాడు.

మంగళవారం సభలో పెద్దాసుపత్రి ప్రయాణం రద్దయింది. "ఎవరు కనిపెట్టిండ్రు ఇది?" అన్నారు డాక్టరు గారు. మున్నీ చెప్పిన తలుపు మాటను పట్టుకుని నేను ఆలోచించానని వినయంగా చెప్పాను. "శభాష్ డానియేలు, మంచిగ పట్టినవ్" అని చెయ్యి కలిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇకమీదట వార్డు తలుపుకు దారంతో ఒక నోటుబుక్కు వేలాడాలని తీర్మానించాం. ఎవరికి ఏం తెలిసినా అందులో రాయాలి. మున్నీ చెబితే మిగతావాళ్లలో ఎవరో ఒకరు రాయాలి. సాయంత్రం చాయ్ కెటిల్ వచ్చినప్పుడు అందరూ చదవాలి.

ఇట్లు,
మీ శభాష్
డానియేలు


మెదక్
జూలై 29

చిరంజీవి డానికి,

నీ జాబు చర్చి మెట్ల మీద కూసోని చదివిన. 'హల్కా మాల్' కాడ గట్టిగ నవ్విన, పాస్టరమ్మ తిరిగి చూసింది. మున్నీకి నా వందనాలు చెప్పు. నేను ముప్పై నాలుగేండ్లు చేసిన నర్సును, నాకా బేరం తోచేది కాదు.

అన్నీ రాసినవ్ బిడ్డా. నిమిషాలు గూడ రాసినవ్. ఒక్కటి రాయలే. పదిహేడో పేజీ మీద జూన్ నెల తారీఖు చూసి డాక్టరు ఏమన్నడు?

నా సర్వీసుల ఒక సంగతి ఉన్నది. మీ నాయినకు గూడ తెల్వదు. ఒక రోగికి పొద్దున ఇయ్యాల్సిన సూది నేను మర్చిపోయిన, రెండు గంటల ఆలస్యంగ ఇచ్చిన. ఆమెకు ఏం కాలే. అయినా రిజిస్టర్ల రాసిన గంటను బ్లేడుతోని గీకి, మీద ఎనిమిది అని రాసిన. ఎవరు పట్టలే. నాకు మెచ్చుకోలు గూడ వచ్చింది, రిజిస్టరు నీటుగ పెడ్తదని. బ్లేడు గీకిన జాగల కాయితం పలుచన అయితది డానీ. పేజీ తిప్పినప్పుడల్ల నా వేలికి తగిలేది. రిటైరయిన నాడు గూడ తగిలింది.

నువ్వు ఏదన్న గీకినవని అంటలేను. అడుగుతున్న.

అత్త


ఛత్రినాక
ఆగస్టు 5

అత్తమ్మా,

ఈసారి 'మహారాజశ్రీ' లేదు, 'మీరు' లేదు.

మొదటి జాబుల నేను చెప్పిన క్షమాపణలన్నీ వాపస్ తీసుకుంటున్న. వానకు నాకు సంబంధం లేదు. బిర్యానీ నీది. మానవజాతి సంగతి మానవజాతి చూసుకుంటది.

నిన్న సోమవారం సభ అయింది. ముందు సేఠ్ సంగతి చెప్త. పూజిత మేడం, నేను కలిసి అనురాగ్‌ను పిలిపించినం. ఒప్పందం ఇది: పొద్దున తాళం తీసుడు, గద్దె మీద కూసునుడు, మొదటి గిరాకీ పెదనాయనది. బోణీ అయినంక దినమంత అనురాగ్‌ది. "ఆయన్ను దింపినంక నాకు బోణీ మంచిగ అయితలేదు సార్, నిజం" అన్నడు. ఇంట్ల కుక్కర్ల డబ్బాలు తీసేసి మంచం బిగించిండ్రట. శనివారం సేఠ్ ఇంటికి పోతడు. మందు ఇంకా మస్తు రోజులు వాడాలె, నెలకోసారి వచ్చి చూపించుకోవాలె. సేఠ్ ఒప్పుకున్నడు. గిలాసలు మాత్రం మార్చమన్నడు.

ఇగ నువ్వు అడిగింది.

గురువారం నీ కవరు వచ్చినప్పుడు నేను గిర్నీ ముందు నిలవడ్డ మాట నిజమే. తర్వాత లోపలికి పోయి పుస్తకం తెరిచిన, అది రాయలే. పైన జూన్ 18 అని నా చేతిరాత. ఉప్మా విషాదం. కింద రెండు గీతలు, నవ్వు మొఖం బొమ్మ. వేళ్ల మీద లెక్క పెట్టిన. ఇరవై తొమ్మిది పొద్దులు అత్తమ్మా. నాకు తెలిసినంక ఇరవై తొమ్మిది పొద్దులు ఆయన గుండీలు పెట్టుకొని తలుపు దిక్కు కూసున్నడు. సభల నేను సిస్టర్ రిజిస్టరు చూసి నవ్విన, డాక్టరు రాత చూసి నవ్విన. ఆయనకేమైందో చెప్పే కాయితం నా సంచిల ఉండె, జోకులెక్క. ఆ పేజీ చింపి మడిచి జేబుల పెట్టుకున్న. మంగళవారం చప్పట్లు కొట్టినప్పుడు అది జేబులనే ఉన్నది.

నీ పలుచన కాయితం సంగతి చదివినంక రెండు రోజులు అన్నం సయించలే. నాకు బోణీ గూడ లేదు చెప్పుకోనీకె.

నిన్న అందరి ముందు ఆ పేజీ తీసి చదివిన. తారీఖుతో సహా. ఉప్మా గోడ కాడ ఎవరు నవ్వలే. డాక్టరు గారు అద్దాలు తీసి చాన సేపు తుడిచిండ్రు. "నేను గూడ నీ పుస్తకం ఎన్నడు అడగలే" అన్నది లలితమ్మ సిస్టర్. పూజిత మేడం లేచి బీరువా తాళం తీసి తన ఫైలు తెచ్చుకున్నది. రెండో వారంల సేఠ్ కాయితం మీద ఒక్క ముక్క రాసి ఇచ్చిండట: దుకాణం ఎవరు తెరుస్తుండ్రు అని. ఆమె దాన్ని మనసుల బాధ అని రాసుకొని తాళం వేసింది. మున్నీ బకెట్ కింద పెట్టి, "నాకు రాయ రాదు గానీ నోరుండె. ఇంకోసారి గట్టిగ చెప్పాల్సుండె" అన్నది. కెటిల్ వచ్చింది, చాయ్ చల్లగయింది.

తలుపుకు వేలాడే పుస్తకంల మొదటి పేజీ ఇంకా ఖాళీగనే ఉండె. చింపిన పేజీని అండ్ల అతికించిన. జరంత వంకర పోయింది. కింద తారీఖు వేసి సంతకం పెట్టి ఒక్క మాట రాసిన, ఎవరు తలుపు తీసినా కండ్లకు కనబడేటట్టు. అదే నీకు గూడ రాస్తున్న.

ఈ పేజీ చింపింది నేనే.

డానియేలు